ఉప్పలయ్య కొనని నీలం విమానం

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ దగ్గర్నుంచి కంపెనీ వాచ్‌మన్ దాకా అందరూ అంటారు. ఉంటే ఉండొచ్చు. కానీ నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. పోయిన దసరా నాడు ఒక్క ముక్క అనాల్సిన చోట నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఊరుకున్నాను. సంగతంతా చెబుతాను, తర్వాత మీరే తిట్టండి.

ఉప్పలయ్యా నేనూ నాచారంలో ఫ్యాన్లు చేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాం. నేను తణుకు నుంచి వచ్చిన స్టోర్ క్లర్కుని. అతనిది ఆలేరు దగ్గర పల్లె. కులం కలవదు, యాస కలవదు, అయినా క్యాంటీన్‌లో మొదటిరోజే "త్రిమూర్తులు బావా" అన్నాడు. ఇక అదే ఖాయమైపోయింది. అతని పని పెద్ద ఫ్యాన్లకు బ్యాలెన్స్ చూడటం. ఏ రెక్క ఎంత బరువెక్కువో ముందు అతని వేలు చెప్పేది, తర్వాత మిషన్ చెప్పేది. కొత్తగా చేరిన ఇంజనీర్లు నవ్వేవాళ్లు, వారం తిరక్కుండానే నోరు మూసుకునేవాళ్లు.

అలాంటి మనిషికి గ్లాకోమా వచ్చింది. పక్క చూపంతా పోయి, ఎదురుగా గొట్టంలోంచి చూసినట్టు కాస్త మిగిలింది. అది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు దవాఖానాలో.

ముందటేడు దసరాకి ఊరి బయటకు పాలపిట్టను చూడ్డానికి వెళ్లాం. ఆ రోజు పాలపిట్ట కనిపిస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని ఇక్కడి నమ్మకం. "అగో! అగో!" అని అందరూ చూపిస్తుంటే ఉప్పలయ్య ఖాళీ ఆకాశానికి దణ్ణం పెట్టాడు. పిట్ట రెండో పక్క కరెంటు తీగ మీద ఉంది. ఎవరో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్ల మీద నేను ఎగిరాను గానీ, అతను తలొంచుకుని నడిచాడు.

ఇంటికొచ్చాక అన్నాడు. "బావా, రిమోట్‌తోని ఎగిరే విమానం కొనుక్కుంట. పిట్టైతే దాని ఇష్టం. విమానమైతే నేను పంపిన కాడనే ఉంటది. ఈ కండ్లు పోకముందు ఒక్కసారన్న మీదికి సూసి, అగో అని నేను చూపియ్యాలె."

మళ్లీ దసరా రెండు నెలలుందనగా, హబ్సిగూడలో మేడ మీద అలాంటివి అమ్మే దుకాణం ఒకటి ఉంటే తీసుకెళ్లాను. అక్కడ హరిత అనే అమ్మాయి. ఉప్పలయ్య లోపలికి అడుగుపెడుతూనే గోడకు వేలాడుతున్న నీలం విమానం ముందు ఆగిపోయాడు. అచ్చం పాలపిట్ట రెక్క రంగు.

"మొదటిసారికి అది వద్దంకుల్," అంది హరిత. "మస్తు స్పీడ్ పోతది. నేర్చుకునేవాళ్లకి రెక్కలు బాడీకి పైనుండాలి, నిదానంగా పోవాలి, థర్మోకోల్ లాంటి ఫోమ్ అయితే పడ్డా అతికించుకోవచ్చు."

"నాకు గీ కండ్లు అంతంత మాత్రమేనమ్మా. ఏది కనవడ్తదో అదియ్యి."

ఆ పిల్ల బంగారం. రెండు విమానాలు కిందికి తెచ్చి, మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి, ఒక్కోదాన్ని నెత్తిమీదికెత్తి పట్టుకుని సందులో నడుచుకుంటూ పోయింది. నీలం రంగుది మూడో ఇల్లు దాటకముందే "పాయె" అన్నాడు ఉప్పలయ్య. రెండోది నారింజ రంగు మీద నల్లచారలు, చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంది. అది సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా కనబడింది.

"గదే తీస్కుందాం," అన్నాడు. అన్నాడే గానీ మెట్లెక్కి వెళ్లి నీలందాన్ని ఇంకోసారి చేత్తో తడిమి వచ్చాడు.

ఆ రెండు నెలలూ ఆ దుకాణంలోనే కంప్యూటర్ ముందు కూర్చుని సాధన చేశాడు. విమానం మనకెదురుగా వచ్చేటప్పుడు ఎడమ కుడవుతుందట. అరవై ఏళ్ల మనిషి బడిపిల్లాడిలా వల్లెవేసుకున్నాడు. దసరా ముందురోజు సాయంత్రం రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి నిలబెట్టాడు. విమానం ముక్కు వెంట్రుకవాసి కిందికి వాలి నిలిచింది. "గంతే ఉండాలె," అన్నాడు.

దసరా పొద్దున రామంతాపూర్‌లో వాళ్లింటికెళ్లేసరికి అతని భార్య కౌసల్యమ్మ పూజ ముగించి విమానానికి పసుపూ కుంకుమా పెడుతోంది. ఆ రోజు బండికీ మిషన్‌కీ పూజ చేయని ఇల్లుంటుందా? అంతటితో ఆగితే బాగుండేది.

"అన్నా, జర పట్టుకో," అని నా చేతికిచ్చి, తోక కింద నల్లదారంతో నిమ్మకాయా నాలుగు మిరపకాయలూ కట్టేసింది. "ఆయనకు చెప్పకు, తెంపేస్తడు. దిష్టి కన్నా పాడుది ఇంకోటి లేదు."

నా స్కూటర్‌కీ ఎప్పుడూ నిమ్మకాయ వేలాడుతుంది. పైగా పండగపూట ఆవిణ్ణి కాదనడానికి మొహమాటం. ఫ్యాన్ రెక్కకు గోరంత లప్పం అంటితేనే ఊరుకోని మనిషి విమానం అని తెలిసీ సరేనన్నాను.

పీర్జాదిగూడ అవతల ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల వెంచర్‌కి వెళ్లాం. విమానం నా చేతుల్లోనే ఉంది. అతను రిమోట్ పట్టుకుని, కళ్లు చికిలించి, "వొదులు బావా," అన్నాడు. పరిగెత్తి విసిరాను. ముక్కు నిట్టనిలువునా లేచింది. ఒక్క క్షణం గాల్లో ఆగి, తోక మీద వెనక్కి కూలి, హద్దురాయి పక్కన బోర్లాపడింది.

ఉప్పలయ్య ఇంకా పైకే చూస్తున్నాడు. "ఎటుంది బావా? నాకు దొరుకుతలేదు."

"పైనే ఉంది," అన్నాను. సిగ్గులేని నోరు.

"మోటర్ చప్పుడు బందయింది," అన్నాడు నెమ్మదిగా. "పోయినయి కండ్లు, చెవులు గాదు."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. కూర్చుని విరిగిన రెక్క తడిమాడు, మోటర్ తడిమాడు, తోక దగ్గరికొచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. నిమ్మకాయను అరచేతిలో తూకం చూశాడు.

"యాభై గ్రాములుంటది."

"నేను చూశాను బావా. చెప్పలేదు. నన్ను తిట్టు."

తిట్టలేదు. తిడితే బతికిపోయేవాణ్ణి. దారం తెంపి నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు. "కౌసల్యకు చెప్పకు. నేనే రిమోట్ తప్పు తిప్పిన్నని చెప్త."

ఇంట్లో ఆవిడ ముక్కలు చూసి లబోదిబోమంది. తర్వాత దణ్ణం పెట్టుకుంది. "నిమ్మకాయ కట్టిన గనుక మీకేం గాలే. దిష్టంత విమానానికే పోయింది." ఉప్పలయ్య "అవునే" అని ఆవిడ చేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

అతికించి తెస్తానని విమానం నేను తీసుకెళ్లాను. ఒక ఆదివారం పని అది. అతని మొహం చూడలేక రేపూ మాపూ అంటూ మూడు నెలలు చేశాను. వెళ్లేసరికి ఉప్పలయ్య గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

విమానం చేతికిచ్చాను. రెక్కల కింద రెండు వేళ్లు ఆనించాడు. ముక్కు వెంట్రుకవాసి కిందికి వాలి నిలిచింది.

"బ్యాలెన్స్ మంచిగొచ్చింది బావా," అన్నాడు. కాసేపు దాన్ని అలాగే వేళ్ల మీద నిలబెట్టి పట్టుకున్నాడు.

"నీలందే కొనేదుండె. ఇప్పుడు ఏ రంగైతే ఏంది."