చెంచయ్య తాత పట్టిన తుపాకీ

మూడేళ్ల కిందట, ఎండాకాలం. ఉదయగిరి కొండ దగ్గర ఒక యాక్షన్ సినిమా షూటింగ్. పాత కౌబాయ్ సినిమాల మీద అభిమానంతో తీస్తున్నారట, అందుకని హీరో చేతికి మెషిన్ గన్ బదులు వందేళ్ల నాటి తుపాకీ. దాని డమ్మీ, అంటే పేలని ఉత్తుత్తి తుపాకీ, చేసే పని ఆత్మకూరులో నా వడ్రంగి కొట్టుకు వచ్చింది. రెడీమేడ్ మంచాలు వచ్చాక కొట్టు మూసేసే పరిస్థితి నాది. ఈ తుపాకీ నచ్చితే సినిమాకు కావలసిన చెక్క సామానంతా నాకే ఇస్తామన్నారు.

టేకుతో చేసి, పెళ్లి మంచానికి పెట్టినంత పాలిష్ పెట్టాను. ఆర్ట్ డైరెక్టర్ మేడం చూసి, "నిన్న కొన్నట్టుందండీ. పాతది కావాలి" అంది. ఒళ్లు మండింది నాకు. ముప్పై ఏళ్లలో నా పని కొత్తగా ఉందని వంక పెట్టింది ఆమె ఒక్కతే! ఏజింగ్ చేయాలట, అంటే కొత్తదాన్ని పాతగా కనిపించేట్టు చేయడం. గొలుసుతో బాదాను, ఉప్పుకాగితంతో అంతటా గీకాను. పాతబడలేదు, గజ్జి పట్టినట్టయింది. మర్నాడే చూపించాలి.

అప్పుడు గొడ్డలికి కొత్త కామ, చెక్క పిడి, వేయించుకోవడానికి మర్రిపాడు నుంచి చెంచయ్య తాత వచ్చాడు. గొర్రెల కాపరి. ఒకప్పుడు మందకు కాపలాగా లైసెన్సు తుపాకీ మోసినవాడు.

"ఏందిరా ఇది, కుక్కలు కొరికినట్టుండాది?"

"పాతది చేస్తుండా తాతా."

"తుపాకీ అంతా ఒక్కమాదిరి పాతబడదురా అబ్బాయా. చెయ్యి పట్టినకాడ నున్నగవతాది. చెంప ఆనినకాడ చెమటకి నల్లబడతాది. మిగతాది అట్నే ఉంటాది. నువ్వెప్పుడన్నా మోసినావా?"

మోయలేదు. సిగ్గేసింది. కొత్త స్టాక్, అంటే భుజానికి ఆనే చెక్క, చెక్కి బిగించాను. తాత చేతులకూ చెంపకూ బొగ్గుపొడి పూసి, "మందలో తోడేలు పడిందనుకో" అని అందించాను. వంగిన నడుము నిటారుగా లేచింది. ఎత్తాడు, గురి చూశాడు, భుజాన వేసుకుని కొట్టంతా తిరిగాడు. బొగ్గు అంటిన చోట మాత్రమే అరగదీసి ఆముదం రుద్దాను.

మర్నాడు మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదండీ ఈ తుపాకీ?" అని అడిగింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పనంతా నాకే ఇచ్చారు, కొట్టు నిలబడింది.

సినిమా ఆత్మకూరుకు రాగానే తాతను తీసుకెళ్లాను. హీరో తుపాకీ ఎత్తాడు. హాలంతా ఈలలు. తాత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నేను పట్టినకాడే పట్టినాడు చూడరా!" అని అరిచాడు.

ఇప్పుడు ఎవరు ఏం చేయమన్నా, కొలత టేపు తీయకముందు వాళ్ల చేతులు చూస్తాను.