మైలలో తొక్కిన సైకిలు

కొప్పిశెట్టి అంజిబాబు గారికి 2002 జూలైలో అమలాపురం డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. పరగడుపున రెండు వందల అరవై ఉన్న షుగరు అక్టోబరు రెండో వారానికి నూట నలభైకి దిగాలి. దిగకపోతే రెండు పూటలా ఇన్సులిను సూది. మాత్రలతో లొంగే దశ దాటిందని, తొంభై రెండు కిలోల ఒళ్లు కరిగించుకోవడం ఒక్కటే దారి అని చెప్పాడు.

అంజిబాబు గారు ఉప్పలగుప్తంలో కొబ్బరి వ్యాపారి. నలభై ఆరేళ్లు. ధైర్యస్థుడని పేరు. తొంభై ఆరు తుపానులో చెట్లు విరిగి పడుతుంటే వరండాలో నిలబడి చూసిన మనిషి. తుపాను వెలిశాక కలరా ఇంజక్షన్లు వేసే నర్సు వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం వడ్లు పోసిన పురి వెనక దాక్కుని దొరికారు. ఆయన భార్య వెంకటదుర్గ ఆ సంగతి ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది.

డాక్టరు నడవమన్నాడు. నడక ఆయనకి నామోషీ. పైగా ఆయనకో చరిత్ర ఉంది. 1976లో డిగ్రీ చదివే రోజుల్లో అమలాపురం నుంచి కొత్తపేట దాకా పెట్టిన సైకిలు పందెంలో మొదటి బహుమతి ఆయనదే. స్టీలు టిఫిను క్యారేజీ ఇచ్చారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లూ క్యారేజీని వాడుకున్నారు గాని సైకిలుని ముట్టుకోలేదు. స్కూటరు వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది. నాలుగిళ్ల అవతలి కిళ్లీకొట్టుకి కూడా బండి స్టార్టు చేసుకునే వెళ్లేవారు.

అటక మీంచి పాత రేసు సైకిలు దింపించి, కొత్త టైర్లు వేయించారు. హ్యాండిలు కిందికి వంగి ఉండే రకం. తొక్కుతుంటే మోకాలు పైకొచ్చినప్పుడల్లా పొట్టని పలకరించి వెళ్లేది. అయినా రోజూ పొద్దున్నే అమలాపురం గడియార స్తంభం దాకా వెళ్లి రావాలని నిర్ణయించుకున్నారు. రానూ పోనూ ఇరవై కిలోమీటర్లు.

మొదటి రోజు మూడో కిలోమీటరు దగ్గరే వెనక్కి తిరిగారు. కాళ్లు మొరాయించి కాదు, కడుపు నిండి.

ఆ కాలవ రోడ్డు మీద ఒక పద్ధతి ఉంది. అరుగు మీద పెద్దవాళ్లు కూర్చుని ఉంటే సైకిలు మీద వెళ్లేవాడు దిగాలి. దిగినవాణ్ణి ఊరికే పంపకూడదు. మోటారు సైకిలుకి ఈ నియమం వర్తించదు. హారను కొట్టి తలూపితే మర్యాద తీరిపోతుంది. ఇరవై ఆరేళ్లు హారను కొట్టుకుంటూ తిరిగిన అంజిబాబు గారు సైకిలుకి వేరే చట్టం ఉందని మర్చిపోయారు. ఊళ్లో నుంచి అమలాపురం దాకా ఆయన్ని ఎరిగిన అరుగులు పంతొమ్మిది. వాటిలో పెద్దది సత్యవేణి గారిది. ఆవిడ వెంకటదుర్గకి మేనత్త. దిగకుండా వెళ్లే ప్రశ్నే లేదు.

"బండి ఏమైందండీ అల్లుడు గారూ?" అని అడిగారావిడ.

"ఉందండీ అత్తయ్య గారూ. షుగరు వచ్చింది, సైకిలు తొక్కితే మంచిదన్నారండి."

"ఆయ్. మా మరిది కూడా రొయ్యలు పోయి బండి అమ్మేసినప్పుడు గాలి కోసం నడుస్తున్నాననే చెప్పేడండి. మన దగ్గర మొహమాటం ఎందుకు, కూర్చోండి."

వారం తిరిగేసరికి అంజిబాబు గారి రొయ్యల చెరువులు దెబ్బతిన్నాయని కాలవ పొడుగునా తెలిసిపోయింది. ఆయనకి రొయ్యల చెరువులు లేవు. ఆ సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. అంతకుముందు కాఫీతో సరిపెట్టే ఇళ్లు జాలి కొద్దీ పెసరట్టు వేయడం మొదలుపెట్టాయి. ఒకాయన కువైట్‌లో ఉన్న తన కొడుకుతో చెప్పి డ్రైవరు పని చూపిస్తానన్నాడు. తీపి వద్దని డాక్టరు చెప్పాడని మొరపెట్టుకుంటే, డాక్టరు వద్దన్నది పంచదారనే కదా, ఇవి బెల్లంతో చేసినవి అని సత్యవేణి గారు బూరెలు పెట్టారు. నెలాఖరుకి అంజిబాబు గారు తొంభై నాలుగు కిలోలు తూగారు. సైకిలు తొక్కి రెండు కిలోలు పెరిగిన మనిషిని డాక్టరు ఇంతకు ముందు చూడలేదు.

ఆ పరిస్థితిలో పోలయ్య గారు పోయారు.

కొప్పిశెట్టి వారి అసలు ఊరు సఖినేటిపల్లి. అంజిబాబు గారి తాత ఉప్పలగుప్తానికి ఇల్లరికం రావడంతో ఇక్కడ ఆ ఇంటిపేరు గల గడప ఇదొక్కటే మిగిలింది. అక్కడ ఎవరైనా జ్ఞాతి పోతే ఇక్కడ పదకొండు రోజులు మైల పట్టాలి. అంతవరకూ దూరపు వాళ్లు పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందిందనుకుని ఒక తలస్నానంతో ముగించేవారు. పోలయ్య గారిది నాలుగు తరాల దూరం. కాని ఫోను వచ్చినప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. తప్పించుకోవడం కుదరలేదు. ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. వెంకటదుర్గ కొనుక్కున్న కొత్త చీర మడత విప్పకుండానే బీరువాలోకి వెళ్లిపోయింది.

ఫోను వచ్చిన మర్నాడు సత్యవేణి గారు కాఫీ గ్లాసుతో ఎదురొచ్చారు. మైల అని చెప్పగానే గ్లాసుతో పాటు నాలుగడుగులు వెనక్కి వెళ్లారు. మైల మనిషిని అరుగెక్కించకూడదు, ఆయనా ఎక్కకూడదు. ఇది మర్యాద కంటే పెద్ద మర్యాద. కబురు ఆయన కంటే ముందు పరుగెత్తింది. మిగతా అరుగులేవీ ఆయన్ని ఆపలేదు. అంజిబాబు గారు గంటలో గడియార స్తంభం చేరారు. పదకొండు రోజుల్లో నాలుగు కిలోలు తగ్గారు. పన్నెండో రోజున సత్యవేణి గారు, పాపం ఇన్నాళ్లు ఏం తిన్నాడో అని, రెండు వారాల బాకీ ఒకేసారి వడ్డించారు.

ఆ ఆదివారం నుంచి అంజిబాబు గారు సఖినేటిపల్లిలో ఉన్న తమ్ముడి వరస సురేంద్రకి ఫోను చేయడం మొదలుపెట్టారు. వంశంలో పెద్దవాళ్లందరి ఆరోగ్యం వయసు వరసన అడిగేవారు. అందరూ బాగున్నారని సురేంద్ర చెబితే, సరిగ్గా కనుక్కుని చెప్పమని మళ్లీ మొదటి నుంచి అడిగేవారు. ఊరు వదిలి మూడు తరాలైనా ఇంత అభిమానమా అని సురేంద్ర కదిలిపోయి, రేవు దగ్గర కనిపించినవాళ్లందరికీ చెప్పాడు.

సెప్టెంబరులో నగరం అనే ఊళ్లో ఉన్న జ్ఞాతి చిన్నమ్మలు గారు పోయారు. ఆవిడది ఇంకా దూరం. పురోహితుడు మూడు రోజులు చాలన్నాడు. అంజిబాబు గారు, శాస్త్రం విషయంలో లోటు చేయకూడదని, పదకొండూ పట్టారు. వినాయక చవితి ఆ పదకొండులో కలిసిపోయింది.

"మీ వాళ్లు పంచాంగం చూసుకుని పోతున్నారేంటండీ?" అంది వెంకటదుర్గ.

మైల వదిలేసరికి బరువు ఎనభై ఆరు. ఇంకో నాలుగు వారాలుంది. ఆశంతా అప్పారావు గారి మీదే. సురేంద్రకి తాత, తొంభై మూడేళ్లు, మంచం పట్టి చాలా రోజులైంది. వారం రోజులు ఎదురుచూశారు. ఆ వారంలో పంతొమ్మిది అరుగులూ కలిసి కిలోన్నర వెనక్కిచ్చాయి. ఆదివారం సురేంద్ర ఏడుపు గొంతుతో, తాతకి మంచినీళ్లు కూడా దిగడం లేదన్నాడు. ఇంకో పూట కూడా కష్టమేనన్నాడు. సోమవారం పొద్దున్న సత్యవేణి గారు గేటు దగ్గర ప్లేటుతో నిలబడి ఉన్నారు. అంజిబాబు గారు దిగకుండానే, "అప్పారావు తాతగారు పోయేరండి" అన్నారు. ఎలాగూ సాయంత్రానికి నిజమయ్యే మాటే కదా, ఒక పూట ముందు చెబితే ఏమైంది అనుకున్నారు. రోడ్డంతా తెలిశాక ఇంట్లో చెప్పక తప్పలేదు. వెంకటదుర్గ మూడోసారి దీపం కొండెక్కించింది.

సాయంత్రానికి అప్పారావు గారు గంజి తాగారు. మూడో రోజుకి లేచి కూర్చున్నారు. ఉప్పలగుప్తంలో ఒకడు ప్రతి ఆదివారం నా గురించి అడుగుతున్నాడట, వాణ్ణి చూడాలి అని పట్టుపట్టారు. ఎనిమిదో రోజున సురేంద్ర ముందు ఫోనైనా చేయకుండా కారు మాట్లాడి తాతని తీసుకొచ్చాడు. అంజిబాబు గారి ఇంటికి దారి అడగడానికి వాళ్లు ఆపింది సత్యవేణి గారి గేటు ముందు. దారి అడిగినవాళ్లని కూడా ఊరికే పంపకూడదు. ముసలాయన అరుగెక్కి కాఫీ తాగుతూ, ఎవరి తాలూకని ఆవిడ అడిగితే, తన ఇంటిపేరు, పేరు రెండూ చెప్పారు. సత్యవేణి గారు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

అంజిబాబు గారు అమలాపురం నుంచి మంచి ఊపు మీద తిరిగి వస్తున్నారు. అరుగు మీద తొంభై మూడేళ్ల పెద్దాయన కనిపించేసరికి పద్ధతి ప్రకారం దిగారు. సురేంద్ర పక్కన నిలబడి ఉండటం ఆ తర్వాత చూశారు.

"అల్లుడు గారూ, ఈయన పోయి ఇవాళ్టికి ఎనిమిదో రోజు కదండీ," అన్నారు సత్యవేణి గారు నెమ్మదిగా. "తెలియక కాఫీ ఇచ్చేనండి. తప్పయితే చెప్పండి."

ముసలాయనకి చెవులు సరిగ్గా వినపడవు. పోయిందెవరని మనవణ్ణి అడిగారు. సురేంద్ర కాస్త గట్టిగానే, నువ్వే అని చెప్పాడు. అంజిబాబు గారు షుగరు, సూది, బూరెలు, పంతొమ్మిది అరుగులు అన్నీ వరసగా ఒప్పుకున్నారు. కాఫీ తప్పించుకోవడానికి ఇంతకంటే మార్గం తోచలేదన్నారు.

అప్పారావు గారు శ్రద్ధగా విని, "పదకొండో రోజు భోజనాలకి ఎందర్ని పిలిచేవురా?" అన్నారు.

"ఎవర్నీ అనుకోలేదండి."

"మరి అదీ తప్పే," అని గ్లాసు కింద పెట్టారు.

ఆయన కోపం అంతటితో పోయింది. సత్యవేణి గారిది పోలేదు. బతికున్న మనిషిని చంపినందుకు ఆవిడకి అంత పట్టింపు లేదు. నా ఇంటి కాఫీ తాగడం కంటే తాత పోవడమే నయమనుకున్నాడు అన్నది ఆవిడ బాధ. సాయంత్రానికి అదే మాట పంతొమ్మిది ఇళ్లలో వినపడింది. మర్నాటి నుంచి అంజిబాబు గారు వస్తుంటే మగవాళ్లు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఆడవాళ్లు లోపల ఏదో పొంగుతోందని లేచి వెళ్లేవారు. సత్యవేణి గారు కుర్చీనే గోడ వైపు తిప్పించారు. ఇంట్లో వెంకటదుర్గ పొద్దున రాగిజావ, సాయంత్రం రాగిజావ పెట్టి, నవరాత్రులకి కలశం సిద్ధం చేసుకుంటూ ఒక్క మాటే అంది.

"ఈ పది రోజులూ మీ వాళ్లెవర్నీ చంపకండి."

పన్నెండు రోజులు రోడ్డు ఖాళీ. ఇరవై కిలోమీటర్లూ ఒక్కసారి కూడా దిగకుండా తొక్కారు. చివరి నాలుగు రోజులు గడియార స్తంభం దాటి అవతలికి కూడా వెళ్లొచ్చారు. గడువు నాటికి బరువు ఎనభై ఒకటి, షుగరు నూట ముప్పై ఆరు. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, సూది అక్కర్లేదన్నాడు. ఇప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉండండి, మార్చితే మళ్లీ పెరుగుతుంది, ఏప్రిల్లో చూద్దాం అన్నాడు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగి వస్తుంటే సత్యవేణి గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కుర్చీ గోడ వైపు తిప్పించిన మనిషి గేటు దాకా రావడం మామూలు విషయం కాదు.

"పండగపూట కోపాలెందుకండీ అల్లుడు గారూ. దిగండి, కాఫీ తాగి వెళ్దురు గాని."

అంజిబాబు గారు ఒక కాలు నేల మీద ఆనించారు. ఇక్కడ ఒక్క గుక్క తాగితే రేపు పొద్దున్నకి పంతొమ్మిది అరుగులూ మళ్లీ తెరుచుకుంటాయి. మైల లేదు. చెప్పడానికి వంశంలో ఎవరూ మంచాన కూడా లేరు. అప్పారావు గారు పొలానికి వెళ్లి వస్తున్నారట.

"వద్దండీ అత్తయ్య గారూ," అన్నారు.

కారణం చెబుతాడేమోనని ఆవిడ చూశారు. ఆయన చెప్పలేదు. కారణం లేకుండా వద్దన్నవాణ్ణి ఆ అరుగు ఇంతవరకూ ఎరగదు.

"ఆయ్," అని సత్యవేణి గారు గేటు గడియ పెట్టుకున్నారు.

ఆ గడియ చప్పుడు ఆర్నెల్లకి తక్కువ కాదని అంజిబాబు గారు అంచనా వేశారు. ఏప్రిల్ దాకా సరిపోతుంది. పెడలు మీద కాలు వేశారు. తర్వాతి అరుగు మీద అప్పుడే ఒకాయన పేపరు పైకెత్తుతున్నాడు.