జీడితోట కొండ దిగిన హవల్దారు

2004 మార్చి 2, మంగళవారం. ఉదయం 5 గంటల 40 నిమిషాలకు పలాస స్టేషన్‌లో దిగాను. మిలిటరీ నర్సుగా అది నా చివరి డ్యూటీ. ఆరు రోజులు. లారీలో నలభై నిమిషాలు వెళ్తే మందస వైపు ఒక కొండ, వాలంతా జీడితోట. ఎత్తు 190 మీటర్లు, బాట 1,400. సైన్యం సాహస జట్టు దాన్ని సైకిళ్ల మీద దిగాలి. జట్టులో ఆరుగురు. నా దగ్గర స్ట్రెచర్లు రెండు, కట్టుబద్దలు పన్నెండు, వాకీటాకీ ఒకటి.

ముప్పై రెండేళ్లు గాయాలకు కట్లు కట్టినదాన్ని. కోరి గాయం తెచ్చుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మూడో రోజు ఉదయం 7:15కి వాకీటాకీ పలికింది. "రెండో మలుపు. జట్టులోని డ్రైవరు సైకిలు మీంచి పడ్డాడు. స్పృహ ఉంది."

భుజం ఎముక విరిగింది. రిజిస్టరులో కారణం గడిలో 'కోరి తెచ్చుకున్నది' అని రాసి, మనిషిని టెక్కలి ఆసుపత్రికి పంపాను.

మెత్తగా ఉంటుందని సైకిలు ఆకుల కుప్ప మీదికి పోనిచ్చాడట. గింజ రాలితే కనబడాలని జీడిచెట్ల కింద నేల ఊడుస్తారు. తోట ముసలమ్మ చీపురు పట్టుకునే వచ్చి నా పక్కన నిలబడింది.

"ఊడిసిన ఆకంతా ఏటైపోద్దనుకున్నారప్పా? గోతిలోకే. మీవోళ్లకి కళ్లున్నాయి గానీ ఏనాడూ సీపురు పట్టినట్టు నేదు."



ఐదో రోజు సాయంత్రం జట్టులోని హవల్దారు ఫిట్‌నెస్ కాగితం తెచ్చాడు. బారువ మనిషి, సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంటివాడు. 1999లో సరిహద్దు కొండ మీద మోకాట్లో ఇనపముక్క దిగింది. అప్పట్నుంచి స్టోర్ డ్యూటీ. ఈ కొండ దిగితే మళ్లీ పోరాట దళంలోకి తీసుకుంటారు. దిగాలంటే నా సంతకం కావాలి. మోకాలు వంచి చూశాను. పూర్తిగా వంగలేదు. సంతకం పెట్టనన్నాను. ఇంత చూశాక కూడా ఎందుకింత పట్టుదల అని అడిగాను.

"అక్కడ గుండు ఎవరి మీదకొస్తాదో గుండుకే తెల్సు మేడమ్. ఇక్కడ ఏ రాయి మీదకి పోవాలో నానే సూసుకుంతాను." మడిచిన ప్యాంటు కాలు కిందికి దించాడు. "ఆ కొండ మీంచి నన్ను స్ట్రెచర్ మీద దించీసినారు. ఒక్క కొండయినా నానే దిగాల."

ఆ రాత్రి ఒప్పుకోలేదు. తెల్లవారి 5:30కి అతనితో కలిసి బాటంతా నడిచాను. ముసలమ్మ ముందు నడిచి, ఆకుల గోతులన్నీ చీపురు కర్రతో పొడిచి చూపించింది. తొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాని మీద ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాం. 6:50కి సంతకం పెట్టాను.

7:20కి పైనుంచి కేక, హవల్దారు బయల్దేరాడు. రెండో మలుపులో చక్రం జారింది. కుడికాలు నేలకు తన్ని నిలదొక్కుకున్నాడు, ఇనపముక్క దిగిన అదే కాలు. బ్రేకు వదిలేశాడు. కిందికి చేరేసరికి నా వాచీలో రెండు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. జట్టులో అంత వేగం ఎవరిదీ లేదు.

ముసలమ్మ ఒక జీడిమామిడి పండు కోసి చేతిలో పెట్టింది. సైకిలు దిగకుండానే కొరికాడు. రసం గడ్డం మీంచి తెల్లబనీను మీదికి కారింది.

"ఈ మరక ఉతికినా పోదొరే," అంది ముసలమ్మ.

"పోకూడదనే, మామ్మా."

సాయంత్రం 4:10 రైలుకి పలాసలో ఎక్కాను. సాగనంపడానికి అదే బనీనుతో వచ్చాడు. మూసినా తెరిచినా నా కళ్ల ముందు ఇప్పటికీ ఆ మరకే.

పోయినవి: సైకిలు చక్రం ఒకటి, హెల్మెట్ ఒకటి, బ్యాండేజీలు పదకొండు, కట్టుబద్దలు రెండు. విరిగిన ఎముక ఒకటి, తర్వాత అతికింది. మనుషులు, సున్నా.