అక్క పాటకు తెచ్చిన మైకు

అక్క గొంతులో గడ్డ ఉందనీ, స్వరపేటిక తీసేయాలనీ కర్నూలు డాక్టరు చెప్పింది ఒక శుక్రవారం. ఆపరేషన్ మరుసటి గురువారం. మధ్యలో ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో నేను చేయదలచుకున్నది ఒకటే, అక్క జోలపాటను ఆమె గొంతుతో దాచుకోవడం.

అమ్మ పోయేనాటికి నాకు పది నెలలు, అక్కకు పదేళ్లు. నాకు నాలుగేళ్లు నిండేదాకా ఊయలలో వేసి పాడింది అక్కే. పాటకు నాలుగు చరణాలు, ఒక్కో చరణానికి రాగం మారుతుందట. నాకు మొదటిదే వచ్చు. రెండోది ఎత్తుకునేలోపే నిద్రపోయేదాన్నట.

ఆదివారం వేంపల్లెలో అక్క ఇంటికి పోయి, ముందు ఫోనులో ఉన్న మైకుతో పరీక్ష చేశాను. నలభై రెండు సెకన్లు. కుక్కరు కూత, వీధిలో ఆటో, వాటి కింద బొంగురుపోయిన అక్క గొంతు. ఇది పనికిరాదనుకున్నాను. సోమవారం కడపకు పోయి, చీరకు గుచ్చుకునే విడి మైకు కొన్నాను.

"ఫోను మైకు గదంతా వింటాదమ్మా. ఇదైతే మనిషి ఒక్కర్నే వింటాది" అన్నాడు అంగడాయన.

మైకులో చిన్న బ్యాటరీ సెల్లు వేయాలి. తీగ మీద మీట నొక్కాలి. తీగ తగిలించాక ఫోను సొంత మైకు పనిచేయదు. మూడూ కాగితం మీద రాసుకున్నాను.

మంగళవారం అక్కను ఇంట్లోని పాత ఊయల పక్కన కూర్చోబెట్టి, చీరకు మైకు గుచ్చి, మీట నొక్కి, పాడమన్నాను.

"ఉత్త ఊయలకు యాడన్నా జోల పాడతారా మే? అరిష్టం" అంది అక్క.

"ఊయల ఊపొద్దులే. ఊరికే పాడు."

"ఊరికే పాడేదానికి నేనేమన్నా రేడియోనా? ఆపీసులో లెక్కలు చేసి చేసి బుర్ర ఎండిపోయిండాది నీకు."

పక్కింటి కోడలు తన మూడు నెలల పాపను తెస్తానంది. పాలు పట్టి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు. అంతసేపు సెల్లు వృథా ఎందుకని మీట ఆపాను. మనిషి లేని గదిలో లైటు వెలగనివ్వను నేను. ఇదీ ఆ అలవాటే.

పాప వచ్చింది. అక్క పాడింది. మధ్యలో మూడుసార్లు దగ్గింది. నేను ఫోనులో సెకన్లు పెరగడం చూస్తూ కూర్చున్నాను. పాట మీద మనసు పెట్టలేదు. ఎలాగూ దాచుకుంటున్నాను కదా అనుకున్నాను.

బుధవారం కర్నూలు ఆసుపత్రి వరండాలో పెట్టుకుని విన్నాను. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. ఏమీ లేదు. సంచిలోంచి మైకు తీసి చూస్తే మీట ఆపిన చోటే ఉంది. మళ్లీ పాడమనాలంటే జరిగింది చెప్పాలి. తెల్లవారితే కోతకు పోయే మనిషికి చెప్పలేకపోయాను.

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు అక్క పలక మీద రాసింది, "పాట బాగా వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"పెట్టు" అని రాసింది.

నా దగ్గర ఉన్నది ఆ నలభై రెండు సెకన్లే. అదే పెట్టాను. కుక్కరు కూసింది. ఆటో పోయింది. "చాలు మే, ఎన్నితూర్లు ఒకటి రెండు మూడు అంటావు? ఆడ అన్నం మాడిపోతాంది" అంది అక్క గొంతు.

అక్క మూడుసార్లు పెట్టించుకుని వినింది. మూడోసారి నవ్వబోతే మెడ దగ్గర ఊపిరికని పెట్టిన రంధ్రంలో గాలి చప్పుడైంది. పలక తుడిచి, "పాట?" అని రాసింది.

చెప్పాను. సెల్లు సంగతి, మీట సంగతి, ఆ ఇరవై నిమిషాల సంగతి. అక్క పలక పక్కన పెట్టింది. తర్వాత నా నోటుపుస్తకం సైగతో అడిగి తీసుకుని నాలుగు చరణాలూ రాసిచ్చింది. పదహారు పంక్తులు. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ పాప ఇప్పుడు పాకడం మొదలుపెట్టింది. ఆదివారం ఆదివారం వేంపల్లెకు పోతాను. పాపను ఊయలలో వేసి, పుస్తకం పట్టుకుని మొదటి చరణం పాడతాను. రెండోదానికి వచ్చేసరికి, రాగం అట్ల కాదని అక్క తల అడ్డంగా ఊపుతుంది. ఇంకోలా పాడతాను. మళ్లీ ఊపుతుంది. ఇప్పటికి పద్నాలుగు ఆదివారాలు.