గోడకు ఆనించిన దోటి

ఈ పూట ఆత్మకూరులో మా వీధి మలుపు తిరగ్గానే ఓ ఇంటి ప్రహరీ లోపలి నుంచి జామపండ్లు కుళ్ళిన వాసన గుప్పున కొట్టింది, దాంతోపాటే నాకు ఒళ్ళు మండింది. తినే పండును మట్టిపాలు చేయడానికి మనిషికి ఎంత పొగరుండాలి!

ఉదయగిరిలో మా చిన్నప్పుడు వానలు పడి చెట్లు విరగకాస్తే, ఆదివారం పూట మా అవ్వ కొనకు చిక్కం కట్టిన వెదురు దోటి భుజాన వేసుకుని బయల్దేరేది, వెనకాల గంపలతో నలుగురు ఆడవాళ్ళు, గోనెపట్టా ఈడ్చుకుంటూ పిల్లలం. కాయలు మిగిలిన ఇంటి ముందు ఆగి, తలుపు తట్టకుండా, పిలవకుండా, దోటిని గోడకు ఆనించి అరుగు మీద కూర్చునేది. నోరు తెరిచి అడగవెందుకంటే, "అడిగితే లేదనేదానికి వాళ్ళకు మొగమాటం గదే పిచ్చిదానా" అనేది. ఇష్టమైతే ఆ ఇంటామె వచ్చి దోటి అందుకుని తొలికాయ తనే కోసేది. రాకపోతే కాసేపటికి లేచి పక్కింటికి పోయేవాళ్ళం, మనసులో ఏమీ పెట్టుకోకుండా.

కొమ్మ ఊపితే గోనెపట్టాలో కాయలు దబదబా పడేవి, వాటితోపాటు ఎర్రచీమలు చొక్కాల్లో దూరి కుట్టేవి, దోరకాయకు ఉప్పూ కారం అద్దుకుని నములుతుంటే "గట్టిగా పట్టండే, నేల తగిలితే పగిలిపోతాయి" అని అవ్వ అరిచేది. చిటారుకొమ్మ కాయలు చిలకలకు వదిలేవాళ్ళం. గంపలు ముందు చెట్టులేని ఇళ్ళకూ గొర్రెలు మేపుకునేవాళ్ళ గుడిసెలకూ పోయేవి, మాకు ఆఖరున.

ఇప్పుడు మేం ఐదుగురం ఆడవాళ్ళం అలాగే మిగులుకాయలు కోసి ఆడపిల్లల హాస్టల్‌కు ఇస్తున్నాం. పోయిన ఆదివారం ఆ ప్రహరీకి దోటి ఆనించి కూర్చున్నాం. నా బుద్ధితక్కువ! కెమెరాలో చూసి ఆ ఇంటాయన ఫోన్ పట్టుకునే బయటికొచ్చాడు.

"ఏందమ్మా, పట్టపగలే దొంగతనానికి వచ్చినారా?"

"హాస్టల్ పిల్లలకు సార్. ఎట్టాగూ రాలి కుళ్ళిపోతుండాయి గదా అని..."

"కుళ్ళనీ. చెట్టు నాది."

వద్దంటే సరే, లేచి పోయేవాళ్ళమే. దొంగలనడానికి నోరెలా వచ్చింది? అవ్వ కూర్చున్నలాంటి అరుగులన్నీ ఇక్కడ కొట్టేసి గేట్లు పెట్టారు, గోడకు దోటి ఆనిస్తే ఎందుకో తెలిసిన మనిషే ఈ వీధిలో లేడు.

ఖాళీ గంపలతో హాస్టల్‌కు పోయాం. పండ్లు తెస్తామని మాటిచ్చాం కదా, పిల్లలు ప్లేట్లు కడుక్కుని వరుసగా కూర్చున్నారు. ఈ వారం కాయలు దొరకలేదని చెప్పాను. వాళ్ళ మేడ మీంచి చూస్తే ఆ చెట్టు కనబడుతుందని నాకు తట్టనే లేదు.

"చెట్టు నిండా ఉండాయి గదా ఆంటీ," అంది ముందు వరుసలోని చిన్నపిల్ల. "మేమేమన్నా తప్పు చేసినామా?"