తొక్కిన పట్నం

పాలమూరు జిల్లాలో, జడ్చర్లకు పడమటగా, జొన్నచేలూ నల్లరాతి గుట్టలూ తప్ప కంటికి మరేదీ ఆనని మిట్టమీది పల్లెలో కురుమ దుర్గయ్య ఇంట పర్వతాలు పుట్టాడు. తల్లి గుర్వమ్మ శ్రీశైల మల్లన్నకు మొక్కి కన్న బిడ్డ గనుక స్వామి వెలసిన కొండల పేరే వానికి పెట్టుకున్నారు. ఆ ఇంటికి గొర్రెలమంద జీవనాధారం, పట్నం వేయడం కులవిద్య.

పట్నమనే మాటకు ఆ పల్లెలో రెండర్థాలు. హైదరాబాదు నగరం ఒకటి. మల్లన్న కొలుపునాడు నేలమీద రంగుపొడులతో తీర్చే దేవుని కోట రెండవది. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఎండిన తంగేడాకు పచ్చ, కాల్చిన పొట్టు నలుపు. ఈ అయిదింటితో కోటగోడలూ వాకిళ్లూ నిలుస్తాయి, నడుమ స్వామి రూపం వెలుస్తుంది. పూజారి పాట ఎత్తుకొని గీత మొదలుపెడతాడు. ఆ పాటే ఆవాహనం. కన్నులు చివర పెడతాడు. కన్నులు పెట్టినంతనే స్వామి వచ్చి కూర్చున్నట్టు లెక్క. కొలుపు ముగిశాక ఆ పూజారే పాడుతూ తన పాదాలతో పట్నాన్ని తొక్కి చెరుపుతాడు. కలగలిసిన పొడిని బండారని అందరూ నుదుట పెట్టుకుంటారు. శాస్త్రం ఉద్వాసన అని దేనిని చెప్పిందో ఆ ఇంటివారు దానినే తొక్కుడు అన్నారు. తొక్కనిదే స్వామికి సెలవు లేదు. సెలవియ్యని స్వామిని ఒంటరిగా విడిచిపోవడం ఆ వంశంలో ఎన్నడూ జరుగలేదు.

పర్వతాలు మీసం రాకముందే తండ్రిని మించినాడు. వాని వేళ్లసందున జారే పిండి దారంలా సాగేది. దుర్గయ్య నలుగురిలో కొడుకును ఎన్నడూ మెచ్చుకోలేదు గాని, పెద్ద కొలుపులకు పిలుపు వస్తే తాను ఒగ్గు అనే చేతి డమరుకం పట్టి పక్కకు జరిగి నేలను కొడుక్కు విడిచేవాడు.

ఒక కొలుపునాడు జనం వెనుక నిలబడి ఆ గీతను చూసినవాడు ఇస్రాయేలు. పాలమూరులో మిషను బడి డ్రాయింగు మాస్టరు. ఆ పల్లె వెలివాడలోనే పుట్టి, దొరల బడిలో చదివి, చిన్న పరీక్షలు రెండు గట్టెక్కి ఉద్యోగం సంపాదించాడు. పెద్ద కళాశాలలో చదవాలన్న తన కోరిక బీదరికంలోనే ఇంకిపోయింది. తొక్కుడు అయిపోయి జనం కదిలేదాకా ఆగి పర్వతాలు దగ్గరికి వచ్చాడు.

"ఆ కోటగోడ ఎక్కడ షురూ చేసినవో, ఎక్కడ ఆపినవో నాకే అంతు చిక్కలే బిడ్డా."

"పాట ఆగినకాడ గీత ఆగుతది సార్. నాకూ ఎరుక ఉండది."

"గిసువంటి చెయ్యి మట్టిల కలిసిపోవద్దు. కాయిదం మీదికి రావాలె."

దుర్గయ్య ఒగ్గును సంచిలో పెడుతూ నవ్వాడు. "కాయిదం మీద ఏస్తె ఎట్ల తొక్కుతడు సారూ? చినిగిపోదా?"

అందరూ నవ్వారు. ఇస్రాయేలూ నవ్వాడు. ఆ నవ్వు తరువాత కాలంలో అతనికి ఎన్నోమార్లు గుర్తుకు వచ్చి ఉంటుంది.

నాటినుండి ఆదివారం ప్రార్థన ముగిశాక మాస్టరు వానికి పెన్సిలు పట్టడం నేర్పాడు. చెంబు, చెంబు నీడ, కిటికీలోంచి కనిపించే చింతకొమ్మ. పర్వతాలు శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఆ చెంబు చెంబులాగే ఉండేది. కాని పట్నంలోని గీతకున్న ఊపిరి దానికి లేదు. మాస్టరు దానిని గమనించి, పెద్ద గురువుల చేతిలో పడితే ఆ ఊపిరి కాగితానికీ వస్తుందని నమ్మాడు.

ఇక చదువు ఎక్కడన్నది ప్రశ్న. బొంబాయిలో, మద్రాసులో మేలైన కళాశాలలున్నాయి. అక్కడి ఫీజూ బసఖర్చూ వినగానే గుర్వమ్మ, "మందనంత తోలుకపోయి ఆ బడి ముంగట కట్టేసినా సాలదు," అన్నది. పైగా ఆ యేడు గాలికుంటు సోకి మందలో సగం జీవాలు నేలకు ఒరిగాయి. చౌకగా ఉన్నదని ఎవరో చెప్పగా మాస్టరు వానిని హైదరాబాదుకు తీసుకొనిపోయి ఒక కళావిద్యాలయం చూపాడు. బయటి బోర్డు గొప్పది. లోపల నలుగురు కుర్రవాళ్లు నాటకాల పరదాలకు రంగులు కలుపుతున్నారు. ఆ కలిపే పనికి వాళ్లే ఎదురు ఫీజు కడుతున్నారు. చదువు పూర్తయినా సనదు పత్రం ఇవ్వరు. "గిది బడి కాదు, బట్టలకు రంగేసే దుకాణం," అని మాస్టరు వానిని మెట్లు దింపాడు.

చివరకు మిగిలింది ఒక్కటే. నగరంలోని సర్కారు చిత్రకళాశాల. గురువులు పేరుమోసినవారు; అక్కడి సనదు ఉంటే ఏ జిల్లాలోనైనా ఉద్యోగం దొరుకుతుంది. ఫీజులున్నాయి గాని, పరీక్షలో మేటిగా నిలిచిన బీదపిల్లలు కొద్దిమందికి అవి మాఫీ, పైన భోజనానికి వజీఫా అనే నెలభత్యం. వయసు చూస్తే పర్వతాలుకు అది ఆఖరి అవకాశం. దుర్గయ్య ఒక్క మాటే చెప్పాడు.

"మాఫీ సీటొస్తె సదువుకో. రాకుంటె వచ్చి ఒగ్గు పట్టు. మధ్యల ఏలాడుడు నాతోని కాదు."

మాస్టరుతో కలిసి బయలుదేరేనాడు గుర్వమ్మ జొన్నరొట్టెలతోపాటు రంగుపొడుల సంచినీ మూటలో కట్టింది. "పట్నం ఏసెటోడు పట్నం పోతుండు. ఉట్టి చేతుల తోని పోతడా?" అన్నది. దుర్గయ్య గడపలో కూర్చుండి, "మనం ఏసే పట్నాన్ని మనం తొక్కుతం. ఆ పట్నం ఏసిందెవరో, అది ఎవరిని తొక్కుతదో సూసి రా," అన్నాడు.

పరీక్షలో పొద్దున రాగిచెంబు గీయమన్నారు. పర్వతాలు గీశాడు, తప్పు లేదు, మెరుపూ లేదు. పక్కన కూర్చున్న నగరపు పిల్లల కాగితాలలో చెంబుమీద కిటికీ వెలుగు కూడా తళతళలాడుతున్నది. మాఫీ సీటు ఈ చెంబుతో రాదని వానికి తెలిసిపోయింది. మధ్యాహ్నం, ఎవరికి వచ్చిన బొమ్మ వారు తమ ఇష్టప్రకారం వేయవచ్చునన్నారు. పరీక్ష పెట్టే పెద్దమనిషి తెల్లగడ్డం, మెత్తని మాట.

"సాబ్, నేలమీద ఏయొచ్చునా?"

"నేల మీదనా?" ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఏం తోని?"

పర్వతాలు సంచి విప్పి చూపాడు. ఆయన పచ్చపొడిని వేలికి రాసుకొని వెలుగులో చూశాడు. "బహుత్ ఖూబ్. ఆ పక్కగది ఖాళీగుంది, వెయ్. పెద్దసాబులు సాయంత్రం చూడనీకె వస్తరు. సీట్లు తేల్చేది వాళ్లే."

గదిలో కూర్చున్న పర్వతాలు ఒక నిశ్చయం చేసుకున్నాడు. పాట పాడకూడదు. ఇది కొలుపు కాదు, పరీక్ష. గీత మాత్రం చూపుతాడు, స్వామిని పిలువడు. పిండి పిడికిట పట్టి మొదటి గీత లాగాడు. అది వంకరపోయింది. తుడిచి మళ్లీ లాగాడు. మధ్యలో తెగింది. చెంబు గీసిన చేయిలాగా ఆ చేయి బిగుసుకుపోయింది. కిటికీ నీడ గోడమీదికి పాకుతున్నది. మూడవసారి పిండి పట్టినప్పుడు వానికి తెలియకుండానే గొంతులో పాట కదిలింది. గీత సాగింది. కోట లేచింది, వాకిళ్లు తెరుచుకున్నాయి. దేవేరులు మేడలమ్మ ఒకప్రక్క, గొల్లకేతమ్మ ఒకప్రక్క, నడుమ మల్లన్న. పాట ఆగేసరికి స్వామి కన్నులు తెరిచి వాని వంక చూస్తున్నాడు.

తెల్లగడ్డం పెద్దమనిషి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెప్పులు విడిచి, గోడవారగా నడిచి, అన్ని వైపులనుండీ చూశాడు. "నేను ముప్పయ్యేండ్ల సంది రంగులల్లనే ఉన్న బేటా," అని మాత్రం అన్నాడు. తరువాత కొంత సేపటికి మళ్లీ వచ్చి, "పెద్దసాబులకు దర్బారు పని పడిందంట. రేపు పొద్దున వస్తరు. గదికి తాళం పెట్టిస్త, ఫికర్ చెయ్యకు. రేపు గిది చూస్తే నీ సీటు ఎక్కడికీ పోదు," అని తాళం తేవడానికి వెళ్లాడు.

దీపాలు పెట్టే వేళ అవుతున్నది. పర్వతాలు స్వామి ఎదుట ఒంటరిగా మిగిలాడు. తాళం వేసిన గదిలో, నైవేద్యం లేక, దీపం లేక, పలకరించే గొంతు లేక, రాత్రంతా స్వామి. పిలిచినవాడు తానే. పిలువలేదని ఎవరితోనైనా బొంకవచ్చు. తెరిచిన ఆ కన్నులతో బొంకేదెలా? ఒక్క రాత్రికి ఏమవుతుందని మనస్సు ఒకవైపు లాగింది. మాఫీ సీటు గురించి తండ్రి చెప్పిన మాట, మాస్టరు ఆదివారాలు, నేలకొరిగిన జీవాలు, అన్నీ ఆవైపే లాగాయి. వాడు మూటలో మిగిలిన రొట్టెముక్కను స్వామి ముందు పెట్టాడు. చేతులు జోడించాడు. లేచి నిలబడి, మెల్లగా పాట ఎత్తుకొని, కుడిపాదం కోటవాకిట మోపాడు.

తాళంతో వచ్చిన పెద్దమనిషికి నేలమీద కలగలిసిన పొడి కనిపించింది.

"ఇదేంది? ఎవరు చేసిండ్రు?"

"నేనే సాబ్. కొలుపు అయిపోయింది."

"రేపటిదాంక ఉంచుమని చెప్పిన కద."

"ఉంచరాదు సాబ్. స్వామి కూసున్నడు. ఎట్ల ఇడిసిపెట్టి పోవాలె?"

ఆయన తాళాన్ని జేబులో వేసుకున్నాడు. కోపం వచ్చినట్టు కనిపించలేదు. "రేపు పొద్దున కాయిదం మీద వెయ్. టైం నేనిప్పిస్త," అన్నాడు.

మరునాడు పర్వతాలు తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. పాట లేక గీత రాదు. పాడితే స్వామి వస్తాడు. కాగితానికెక్కిన స్వామికి సెలవు ఎప్పుడు? గోడకు మేకు కొట్టి వ్రేలాడదీస్తారు. కాయిదాన్ని ఎట్ల తొక్కుతడని తండ్రి నవ్వులాటకన్న మాట అక్కడ నవ్వులాటగా లేదు. చివరకు గొర్రెలమందను గీశాడు. పెద్దలు దానిముందు నిలువకుండానే నడిచిపోయారు. తెల్లగడ్డం పెద్దమనిషి వారి చెవిలో ఏదో చెప్పబోయాడు. నేలమీద లేనిదానిని ఆయన మాత్రం ఎలా చూపగలడు? సాయంత్రం పేర్లు చదివారు. పర్వతాలు పేరు కళాశాలలో చేరవచ్చునన్నవారిలో వచ్చింది. మాఫీ పొందినవారిలో రాలేదు.

తిరుగురైలు జడ్చర్ల దగ్గరపడుతుండగా ఇస్రాయేలు అన్నాడు.

"మా తాత గీ పట్నం ముంగట డప్పు కొట్టిండురా. దూరంగ నిలబడి. దగ్గరికి రానియ్యలే. నేను దగ్గరికొచ్చిన, నీ చెయ్యి పట్టుకొని గంతదూరం తీస్కపోయిన. నువ్వు కాలు పెట్టి తుడిసినవు."

"తుడువలే సార్. సాగనంపిన."

"ఆయనను సాగనంపినవు. మంచిది. ఇగ నువ్వెక్కడికి పోతవు?"

పర్వతాలు కిటికీ బయటికి చూశాడు.

ఇంటికి చేరేసరికి దుర్గయ్య కొట్టంలో మిగిలిన గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. కొడుకు ముఖం చూసి సీటు సంగతి అడుగలేదు. నగరంలో అడుగుపెట్టి వచ్చినవాళ్లను ఊళ్లో అందరూ అడిగే మాటే తేలికగా అడిగాడు.

"ఏం బిడ్డా, పట్నం తొక్కినవా?"

"తొక్కిన నాయినా."

వాడు జేబులోంచి చిన్న పొట్లం తీసి తల్లి చేతిలో పెట్టాడు. గుర్వమ్మ విప్పి, అయిదు రంగులూ కలిసిన ఆ బండారును చూసి, ఏమి జరిగిందో గ్రహించింది. చిటికెడు తీసి భర్త నుదుట పెట్టి, తాను పెట్టుకొన్నది. దుర్గయ్య నీళ్ల కుండను కింద పెట్టి, గోడకు తగిలించిన ఒగ్గును తెచ్చి కొడుకు ఒడిలో ఉంచాడు.

తరువాతి బ్రతుకులో చెప్పుకోదగినది కొంచెమే. మాస్టరు కొనిచ్చిన కుంచెతో పర్వతాలు గొర్రెల వీపులమీద ఇంటిగుర్తు దిద్దేవాడు. ఉన్ని కత్తిరించగానే అదీ పోయేది. పట్నాలు వేసి ఆ చుట్టుపట్ల పేరు తెచ్చుకున్నాడు. ఒక్కటీ మిగలలేదు. రజాకార్ల భయంతో కొలుపులు ఆగిపోయి, నిజాం పాలన ముగిశాక మళ్లీ మొదలైన యేడు, మొదటి కొలుపుకు ఇస్రాయేలు వచ్చాడు. జుట్టు నెరిసింది. ఈసారి జనం తొలగి ముందుకు దారి ఇచ్చినా, ఆయన వెనుకనే నిలబడ్డాడు. కోట లేవడం చూశాడు. కన్నులు పెట్టడం చూశాడు. తొక్కుడు పాట ఎత్తుకోగానే వెనుదిరిగి, తలగుడ్డ సర్దుకొని, బాటవెంట నడిచిపోయాడు.

పర్వతాలు ఆ వీపును చూశాడు. పాట ఆపలేదు. కుడిపాదం ముందుకు మోపాడు.