గోడ అవతలి తడి

మా పక్కింటి మగ్గం మామ పోయిన మంగళవారం కన్నుమూశాడు. నేను కుప్పంలో ఆఫీసులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "మామకు ఊపిరాడలేదు. ఆస్పత్రికి తీసకపోయే లోపలే పోయినాడు" అంది. మదనపల్లెకు వచ్చే దారంతా ఆయన మంచితనం తలుచుకుందామనుకున్నాను. మా బాత్‌రూమే గుర్తొచ్చింది.

మామ అని పిలుపే గానీ చుట్టరికం లేదు. మా వీధంతా నేతవాళ్ళే. మా ఇంట్లో మగ్గం నాన్నతోనే ఆగిపోయింది. మామది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా తొక్కుతూనే ఉండాలి. పట్టుచీర కొంగు మొదలుపెడితే రేడియో కట్టేసేవాడు. "కొంగుకు సెవులుంటాయప్పా, పాట ఇంటే వంకర పోతాది" అనేవాడు. ఆయన నవ్వడు, మనం నవ్వాలి.

నేను ఇల్లు తిరిగి కట్టినప్పుడు బాత్‌రూమ్ వెనక్కి జరిపి, ఆయన మగ్గం గది గోడకు ఆనించాను. వీధి కాలువదాకా పైపు వేయాలంటే కొత్తగా పరిచిన టైల్స్ పగలగొట్టాలి. అది ఇష్టం లేక గోడవారనే ఇంకుడుగుంత తవ్వించాను. నీళ్ళు భూమిలోకి పోతాయి, ఇంకెక్కడికి పోతాయి అనుకున్నాను. అవి మామ మగ్గం గుంతలోకి ఊరాయి.

ఆయన తగువుకు రాలేదు. గుంతలో గోనెసంచులు పరుచుకుని వాటిమీద కాళ్ళు పెట్టుకునేవాడు. సాయంత్రం ఆ సంచులు పిండి మా కాంపౌండు గోడ మీద ఆరేసేవాడు. ఒక ఆదివారం మా ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తున్నారు. "మామా, ఆ సంచులు ఈడ వద్దు, వచ్చేవాళ్ళకు బాగుండదు" అన్నాను. "అట్లే కానీప్పా" అని చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. సంచులు ఎందుకు తడిశాయని నేను అడగలేదు. ఆ తర్వాత అవి మగ్గం గదిలోనే ఆరేవి. ఆరేవి కావు అనాలి.

మోకాళ్ళు వాచాయి. దగ్గు పట్టుకుంది. వయసు అన్నాం అందరం. పోయిన వానాకాలం పుంగనూరులో కూతురింట్లో, మేడ మీద గదిలో కొన్నాళ్ళున్నాడు. నేను చూడబోతే మెట్లు దిగి ఎదురొచ్చాడు. "ఈడ నేల పొడిగా ఉండాదప్పా. ఈ కాళ్ళు నావేనా అనిపిస్తాండాది" అన్నాడు, నాకేసి చూడకుండా. అప్పుడైనా మేస్త్రిని పిలిచి ఉండాల్సింది. దసరా పోనీ అనుకున్నాను. మగ్గం మీద చీర సగంలో ఉందని ఆయన తిరిగొచ్చేశాడు. దగ్గూ తిరిగొచ్చింది.

మా నీళ్ళే ఆయన్ను చంపాయని ఏ డాక్టరూ అనలేదు. గాలాడని గది, దారపు దుమ్ము, ఒంగి కూర్చున్న బతుకు, అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి కాబట్టి నా వంతు తక్కువేనని మనసు సర్దుకుంటుంది. అలా సర్దుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

కర్మాంతరం కాకముందే టైల్స్ పగలగొట్టించి, పైపు వీధి కాలువలో కలిపించాను. ఒక్క పూట పని. సాయంత్రం మామ భార్య దగ్గరికి వెళ్ళి, "నీళ్ళు మళ్ళించేసినానత్తా" అన్నాను.

"ఆరనీ అప్పా. ఇంక ఆ గుంతలో మా కోడలు కూసోవాల గదా" అంది.

మగ్గం గదిలో కోడలు వైరుకు బల్బు కట్టి గుంతలోకి దించుతోంది. సగం నేసిన చీర కింద, ఆయన కాళ్ళుండే చోట, బల్బు వెలిగింది. కాసేపటికి మట్టి వెచ్చబడింది. గుంతలోంచి మా ఇంటి సబ్బు వాసన లేచింది.